మేటి జట్టు ఎందుకు ఓడుతుంది?

2015 డిసెంబరులో రాయ్‌పూర్ నగరంలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ హాకీ స్టేడియంలో ముగిసిన ప్రపంచ హాకీ లీగ్ ఫైనల్ పోటీలు క్రీడాభిమానులందరికీ ఒక పాఠం నేర్పాయి. గ్రూపు దశలో మన జట్టు మూడు ఆటలాడి ఒక్కటీ గెలువలేదు. జర్మనీతో డ్రా మాత్రమే దక్కి అట్టడుగున నిలిచింది. ఎనిమిది జట్లకూ క్వార్టర్ ఫైనల్ ప్రవేశం ఉన్నందున ఆటలో మిగిలింది. అక్కడ, రెండవ గ్రూపులో అగ్రస్థానం పొందిన బ్రిటన్‌ను 2-1తో ఓడించింది. సెమీఫైనల్లో బెల్జియం చేతిలో ఓడినప్పటికీ, కాంస్య పతకపు పోరులో ఆ ఏటి యూరప్ విజేత నెదర్లాండ్స్‌తో 5-5 సమంగా నిలిచి, షూటౌట్‌లో 3-2తో గెలిచింది.

దీనిని కేవలం అదృష్టమనలేము. గోల్స్ అరుదుగా పడే ఆటలో ఒక్క పొరపాటే ఫలితాన్ని మార్చగలదు. షూటౌట్‌లోనైతే 60 నిమిషాల సామర్థ్యమంతా ఒక్కొక్క ప్రయత్నానికి 8 సెకన్లకు కుదించుకుపోతుంది.

లెక్క వేసి చూద్దాం. నూటికి 60 ఆటలు గెలువగల జట్టు ఒకే ఒక్క ఆటలో ఓడే అవకాశం 40 శాతం. ఏడు ఆటల పరంపరలోనైతే అది సుమారు 29 శాతానికి తగ్గుతుంది. బలం నిజమే, కాని అది నిరూపణ కావడానికి తగినన్ని ఆటలు కావాలి. నాకౌట్ పద్ధతి ఆ వ్యవధి ఇవ్వదు.

కనుక ఒక్క గెలుపుతో మనం ఏమరుపాటు చెందరాదు. ఒక్క పరీక్షా ఫలితాన్ని బట్టి మన పిల్లల శక్తిని కొలువనూ రాదు.