లేని పట్టిక – కానరాని పట్టిక

ఒకప్పుడు వర్తకునికి చిట్టా ఆవర్జాలే ప్రాణం. జమాఖర్చులు, సరుకు నిల్వలు, రావలసిన బాకీలు అన్నీ వాటిలోనే ఉండేవి. నేడు పెద్ద సంస్థలలో ఆ స్థానాన్ని కంప్యూటరులోని పట్టికలు ఆక్రమించాయి. సిబ్బంది జీతాలకు ఒక పట్టిక, నిల్వలకు ఒకటి, బాకీలకు మరొకటి – ఇలా వేలాది పట్టికలు పరస్పర సంబంధంతో ఒకచోట అమరి ఉంటాయి. ఆ సముదాయమే డేటాబేస్. సమాచారాన్ని ఈ విధంగా పట్టికలలో అమర్చే సిద్ధాంతాన్ని 1970లో ఐ.బి.ఎం. పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. 1972లో జర్మనీలో స్థాపితమైన ఎస్.ఎ.పి. వంటి సంస్థలు కొనుగోళ్లు, అమ్మకాలు, జీతాలు, లెక్కలు అన్నింటినీ ఒకే సాఫ్ట్‌వేరు కిందికి తెచ్చాయి.

జీతాలు చెల్లించవలసిన నాడు తెరమీద “పట్టిక లేదు” అనే సందేశం ప్రత్యక్షమైతే కార్యాలయమంతా కలవరపడుతుంది. ఒరాకిల్‌లో 00942, మై ఎస్‌క్యూఎల్‌లో 1146, మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 208 అనే సంఖ్యలు ఈ లోపాన్నే సూచిస్తాయి. అయితే ఈ సందేశానికి అర్థం పట్టిక నశించిందని కాదు. అడిగినవారికి, అడిగినచోట, అడిగిన పేరుతో అది కనబడలేదని మాత్రమే.

గ్రంథాలయంలో ఒక పుస్తకం దొరకకపోవడానికి ఎన్నో కారణాలుంటాయి. పాఠకుడు వేరొక శాఖకు వెళ్లి ఉండవచ్చు. పేరు తప్పుగా చెప్పి ఉండవచ్చు. ఆ బీరువా తెరిచే అనుమతి అతనికి లేకపోవచ్చు. పట్టికల విషయమూ ఇంతే.

మొదటిది, చోటు మారడం. సంస్థలలో అసలు డేటాబేస్‌తోపాటు ప్రయోగాలకోసం మరొకటి ఉంటుంది. సాఫ్ట్‌వేరు పొరపాటున రెండవదానితో అనుసంధానమైతే అడిగిన పట్టిక అక్కడ ఉండకపోవచ్చు. ఒకే డేటాబేస్‌లో స్కీమాలనే విభాగాలు ఉన్నప్పుడు కూడ ఈ చిక్కు ఏర్పడుతుంది. రెండవది, పేరులోని భేదం. మై ఎస్‌క్యూఎల్ సాధారణంగా లినక్స్‌లో పట్టికల పేర్లలోని పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలను వేరువేరుగా చూస్తుంది, విండోస్‌లో చూడదు. అందువల్ల ఒకచోట చక్కగా నడిచిన ప్రోగ్రాము మరొకచోట ఆగిపోతుంది. మూడవది, అనుమతి లేకపోవడం. పట్టిక ఉన్నా, చూసే అధికారం లేనివారికి ఒరాకిల్ లేదనే చెబుతుంది. ఉన్నదని చెప్పడం కూడ రహస్యాన్ని వెల్లడించడమే కదా! నాలుగవది, అసంపూర్తి మార్పు. సాఫ్ట్‌వేరును నవీకరించి, దానికి కావలసిన కొత్త పట్టికలను సృష్టించే ఆదేశాలను నడపడం మరచిపోతే, ఇంకా పుట్టని పట్టికకోసం వెతుకులాట మొదలవుతుంది. ఇక చివరిది, ఎవరో నిజంగా తొలగించడం.

అసలు ప్రమాదం లోపంలోకంటె తొందరపాటులో ఉంది. సందేశం పోతే చాలునని అదే పేరుతో ఖాళీ పట్టికను సృష్టించేవారున్నారు. సందేశం పోతుంది, కాని జీతాల జాబితాలో ఒక్క పేరూ ఉండదు. మరికొందరు పాత నకలును తెచ్చి అసలు డేటాబేస్ మీద పునఃప్రతిష్ఠిస్తారు. ఆ నకలు తీసిన తరువాత నమోదైన రశీదులు, చెల్లింపులు తుడిచిపెట్టుకొనిపోతాయి. పట్టిక మొదటినుండీ అక్కడే ఉండి ఉంటే, ఇది చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతకడమే కాదు, ఆ వెతుకులాటలో బిడ్డను జారవిడుచుకోవడం!

కాబట్టి నిపుణులు ముందుగా సందేశాన్ని పూర్తిగా చదివి పట్టిక పేరును గుర్తిస్తారు. లోపం ఒక్కరికే వస్తున్నదా, అందరికా అని విచారిస్తారు. ఒక్కరికే అయితే అనుమతిని, అందరికీ అయితే అనుసంధానాన్ని, ఇటీవలి మార్పులను పరీక్షిస్తారు. తరువాత డేటాబేస్‌నే ప్రశ్నిస్తారు. తన పట్టికల వివరాలను డేటాబేస్ తానే పట్టికల రూపంలో భద్రపరచాలన్నది 1985లో కాడ్ ప్రకటించిన నియమాలలో ఒకటి. ఆ జాబితాను పూర్తి అధికారం గలవారే చూడాలి. ఇతరులకు అందులోనూ కొన్ని కనబడవు. పట్టిక నిజంగా తొలగిపోయినదని తేలినా నిరాశ పడనక్కరలేదు. ఒరాకిల్‌లో 10జి నుండి తొలగించిన పట్టికలు సాధారణంగా కొంతకాలం ‘చెత్తబుట్ట’లో నిలిచి ఉంటాయి. అది కుదరనప్పుడు నకలును వేరొకచోట తెరిచి, కావలసిన పట్టికను మాత్రమే తెచ్చుకొంటారు.

యంత్రం అబద్ధమాడదు, కాని అడిగినంతవరకే చెబుతుంది. “లేదు” అన్న మాట విన్నప్పుడు “ఎక్కడ లేదు? ఎవరికి లేదు? ఎప్పటినుండి లేదు?” అని అడుగగలగడమే విజ్ఞత. ఒక సంస్థలోని వందలమంది జీతం ఒక్కొక్కసారి ఈ మూడు ప్రశ్నలమీదనే ఆధారపడి ఉంటుంది.