ఆటలో అరటిపండు ఎవరూ కారాదు

పిల్లలు జట్లు కట్టి ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాడొకడు వచ్చి నిలబడితే పెద్దపిల్లలు కాదనరు. "వాడు ఆటలో అరటిపండులే" అంటారు. వాడూ పరుగెత్తుతాడు, వాడూ కేకలు వేస్తాడు. గాని వాడు ఔటైనా లెక్క లేదు, గెలిచినా లెక్క లేదు. కొంతసేపటికి ఆ సంగతి వానికే తెలిసిపోయి, మూతి ముడుచుకుని ఇంటిదారి పడతాడు.

ప్రియ చదువరులారా, ఆ వీధి ఆట ఈనాడు చాలామట్టుకు తెర మీదికి వచ్చింది. పిల్లలు సెల్‌ఫోను పట్టుకుని ఒంటరిగా మూల కూర్చుంటున్నారని అనేకమంది తలిదండ్రులు బాధపడుచున్నారు. ఫోను లాగివేయుట ఒక మార్గము. ఆ ఆటనే నలుగురిని కలిపే సాధనంగా మార్చుట మరొక మార్గము. పూర్వం యంత్రంలో నాణెం వేసి ఆడిన ప్యాక్‌మ్యాన్, స్పేస్ ఇన్వేడర్స్ వంటి ఆటలను ఆర్కేడ్ ఆటలంటారు. వాటిని ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా ఆడుచున్నారు. అలా ఆడేవారి మధ్య స్నేహపూర్వకమైన జట్ల పోటీ ఎలా నడపాలో ఇక్కడ వివరించగోరుచున్నాము. ముఖ్యమైన మాట ముందే చెబుతున్నాము: అందరికంటే వెనుకబడినవాని ఆట కూడా జట్టుకు లెక్కకు రావాలి. లేనియెడల స్నేహపూర్వకమన్నది పేరుకే మిగులుతుంది.

ఈ పోటీలు కొత్తవి కావు

జపానులోని టైటో సంస్థ 1978లో తెచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో అప్పటివరకు వచ్చిన అత్యధిక స్కోరు తెర పైభాగాన కనబడుతూ ఉండేది. ముక్కు మొహం తెలియనివాని స్కోరును దాటాలనే పట్టుదల దానితో బలపడింది. 1980లో అటారి సంస్థ అమెరికాలో ఆ ఆటమీద పోటీ పెట్టగా 10,000 మందికి పైగా పాల్గొన్నారు. అయితే అందులో ఎవరి ఆట వారిదే.

1981లో వాల్టర్ డే అనే ఆయన అయోవా రాష్ట్రంలోని అటమ్వా అనే చిన్న పట్టణంలో ట్విన్ గెలాక్సీస్ అనే ఆటల శాల తెరిచాడు. మరుసటి ఏడు నుండి దేశం నలుమూలల నుండి వచ్చే స్కోర్లను నమోదు చేయసాగాడు. ఆయన ప్రోత్సాహంతో రాష్ట్రాల వారీగా జట్లు ఏర్పడ్డాయి. 1982 ఆగస్టు చివర కాలిఫోర్నియా, నార్త్ కరోలినా జట్లు 17 రకాల ఆటలలో తలపడ్డాయి. ఆట కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్‌లోను, నార్త్ కరోలినాలోని రైట్స్‌విల్ బీచ్‌లోను జరిగింది. నార్త్ కరోలినా 10–7 తేడాతో గెలిచింది.

ఆ లెక్కను గమనించండి. లక్షల స్కోర్లను కలిపి కూడలేదు. ఏ ఆటకా ఆట ఒక్కొక్క విజయంగా లెక్కించారు. ఒక ఆటలో ఒక్కడు కొండంత స్కోరు చేసినా, మిగిలిన ఆటలలో తోటివారి శ్రమను అది మింగివేయలేదు.

స్కోరు కాదు, స్థానం లెక్కించండి

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక్కొక్క జట్టులో నలుగురు ఉన్నారనుకోండి. మొదటి జట్టు స్కోర్లు 1,80,000, 9,000, 8,000, 7,000. రెండవ జట్టు స్కోర్లు 30,000, 28,000, 26,000, 24,000. స్కోర్లు కూడితే మొదటి జట్టు 2,04,000తో గెలుస్తుంది, రెండవ జట్టు 1,08,000 దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఒక్కడు ఆడాడు, ముగ్గురు చూశారు. ఆ ముగ్గురూ ఆటలో అరటిపండ్లే.

ఇప్పుడు ఎనిమిది మందిని వరుసలో నిలబెట్టి మొదటివానికి 8 పాయింట్లు, రెండవవానికి 7, ఇలా చివరివానికి 1 ఇవ్వండి. మొదటి జట్టుకు 8, 3, 2, 1 కలిసి 14 పాయింట్లు వస్తాయి. రెండవ జట్టుకు 7, 6, 5, 4 కలిసి 22. ఇప్పుడు చివరివాడు ఒక్క మెట్టు పైకెక్కినా జట్టుకు లాభమే. అందువలన బాగా ఆడేవాడు చివరివాని పక్కన కూర్చుని నేర్పవలసిన అవసరం కలుగుతుంది. కబడ్డీలో మనవాడు పాయింటు తెస్తే ఔటైన తోటివాడు మళ్లీ బ్రతికి లోపలికి వస్తాడు కదా! ఆ బంధమే ఇక్కడా కావలసినది.

దీనికి తోడు, తన పాత స్కోరును తానే దాటినవానికి ఒకటి రెండు పాయింట్లు అదనంగా ఇవ్వవచ్చు.

జట్లు కట్టే పద్ధతి

ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరిని కోరుకునే పద్ధతి మంచిది కాదు. చివరకు మిగిలినవాని మనసు అక్కడే విరిగిపోతుంది. దానికి బదులు ముందుగా ఒక పరీక్ష ఆట ఆడించి, స్కోరును బట్టి వరుస వ్రాయండి. పన్నెండుమంది ఉంటే మూడు జట్లు ఇలా కట్టండి: ఒక జట్టులో 1, 6, 7, 12వ వారు, రెండవ దానిలో 2, 5, 8, 11వ వారు, మూడవ దానిలో 3, 4, 9, 10వ వారు. ఏ జట్టు అంకెలు కూడినా 26 వస్తుంది. ఎవరినీ కోరుకోలేదు, ఎవరినీ వదలలేదు.

సమయానికి హద్దు

ఆర్కేడ్ ఆటలో ఆరితేరినవాడు ఆపడు. ఆస్టరాయిడ్స్ ఆటలో 1982లో స్కాట్ సాఫ్రన్ చేసిన 4,13,36,440 స్కోరును 2010లో జాన్ మెకలిస్టర్ దాటాడు. అందుకు ఆయనకు సుమారు 58 గంటలు పట్టింది! చదువుకునే పిల్లలకు, ఉద్యోగస్థులకు ఇది మాదిరి కారాదు.

దీనికి జపానువారు చక్కని ఉపాయం చూపారు. హడ్సన్ సంస్థ 1985 నుండి ఊరూరా నడిపిన క్యారవాన్ పోటీలలో కొద్ది నిమిషాల గడువు పెట్టి, అంతలో ఎంత స్కోరు చేస్తారో చూసేవారు. హామ్‌స్టర్ సంస్థ 2014 నుండి విడుదల చేస్తున్న ఆర్కేడ్ ఆర్కైవ్స్ ఆటలలో క్యారవాన్ పేరిట ఐదు నిమిషాల ఆట ఉన్నది. వారానికి ఒక ఆట, ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలు అని నియమం పెడితే మొత్తం పావుగంట. అది ఏ ఇంటికీ భారం కాదు.

పోటీని ఒకే గంటలో కాక వారమంతా తెరచి ఉంచుట మేలు. వేసవిలో హైదరాబాదులో రాత్రి 8 గంటలైతే న్యూజెర్సీలో ఉదయం 10:30. అక్కడి పెదనాన్న పిల్లలు, ఇక్కడి బాబాయి పిల్లలు ఒకే జట్టులో ఆడాలంటే వారం గడువు కావలసిందే.

తగవులు రాకుండా

మొదట, అందరూ ఒకే ఆటను, ఒకే కాఠిన్యంతో, అన్నే ప్రాణాలతో ఆడాలి. టచ్ తెర మీద ఆడేవారిని, కీబోర్డు మీద ఆడేవారిని వేరు వేరు వరుసలలో లెక్కించుట న్యాయము.

రెండవది, దొంగ కాపీలు వద్దు. 1997లో మొదలైన మేమ్ అనే ప్రోగ్రాము పాత యంత్రాలను కంప్యూటరులో ఆడించగలదు. అయినా ఆటల మీద హక్కులు వాటి యజమానులకే ఉంటాయి. కొనలేనివారు ప్యాక్‌మ్యాన్ 30 ఏళ్ల సందర్భంగా గూగుల్ 2010 మే నెలలో తన పేజీలో ఉంచిన ఆటను ఆడుకోవచ్చు. అది ఉచితము.

మూడవది, స్కోరుకు రుజువు ఏమిటో ముందే నిర్ణయించాలి. 2018లో ట్విన్ గెలాక్సీస్ ఒక ప్రసిద్ధ ఆటగాని డాంకీ కాంగ్ స్కోర్లను తొలగించింది. చూపిన వీడియో అసలు యంత్రం మీద ఆడినదా కాదా అన్నదే తగవు. అది కోర్టుకెక్కి 2024లో రాజీతో ముగిసింది. మన చిన్న పోటీకి తెర ఫోటో చాలును. మొదటి మూడు స్థానాలవారు మాత్రం ఆట మొత్తం రికార్డు చేసి పంపాలి. పోటీలో ఆడని పెద్దమనిషి ఒకరు న్యాయనిర్ణేతగా ఉండాలి. సందేహం వస్తే ఆయన ఆ పిల్లవానితో విడిగా మాట్లాడాలి. నలుగురిలో నిలదీయరాదు.

నాలుగవది, ప్రవేశ రుసుము వద్దు, నగదు బహుమతి వద్దు. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసింది. వాటివలన అప్పులపాలైన కుటుంబాల కన్నీరు మనకు తెలియనిది కాదు. మన పోటీకి, ఆ ఊబికి మధ్య గోడ ఎత్తుగా ఉండాలి. ఒక కాగితపు ప్రశంసాపత్రం, ఒక పూట కలిసి భోజనం చాలు.

ఐదవది, పిల్లలు మారుపేరుతోనే ఆడాలి. ఫోను నంబరు, ఫోటో, చదివే బడి పేరు కొత్తవారికి ఇవ్వరాదు. తలిదండ్రుల అనుమతి తప్పనిసరి.

నాయకుని పని

జట్టు నాయకుడు అందరికంటే గొప్ప ఆటగాడు కానవసరం లేదు. వారం మధ్యలో "ఇంకా ఎవరు ఆడలేదు?" అని అడిగేవాడు, ఓడినవానికి ఒక మంచి మాట వ్రాసేవాడు అయితే చాలు. ఆడనివానికి సున్నా వేసి ఊరుకోకుండా, వానికి ఒంట్లో బాగోలేదా, పరీక్షలా, మనసు బాగోలేదా అని విచారించే నాయకుడు దొరికితే ఆ పోటీ ధన్యమైనది. చివరి వారం ఫలితాలు చదివేటప్పుడు గెలిచిన జట్టు పేరుతో పాటు, మొదటి వారంకంటే ఎక్కువగా ఎదిగినవాని పేరు కూడా గట్టిగా చదవండి.

ఈ సెలవులలో మీ ఇంటి పిల్లలు, మీ వీధి పిల్లలు, దూరాన ఉన్న మీ బంధువుల పిల్లలు కలిసి పన్నెండుమంది అవుతారేమో చూడండి. ఒక కాగితం మీద పేర్లు వ్రాయండి. ఏ పేరు దగ్గర "వీడెందుకులే" అనిపిస్తుందో ఆ పేరును ముందుగా వ్రాయండి.