లైన్లో ఉండండి!

డల్లాస్‌లో ఆఫీసుకి కారులో వెళ్లొచ్చేటప్పుడు నాకు టాక్ రేడియోనే కాలక్షేపం. పాటలుండవు. ఒక హోస్టు, ఆయన గట్టి అభిప్రాయాలు, వాటి మీద జనం చేసే ఫోన్లు. ఇండియాలో ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. అందుకే మా విజయవాడ చుట్టాలకి ఈ సరుకు వింత. వాళ్లు రేడియోకి ఫోన్ చేస్తే పాట అడుగుతారు, ఇక్కడివాళ్లు ప్రభుత్వాన్ని కడిగేస్తారు.

అయితే ఆ ఫోన్ ఎత్తేది హోస్టు కాదు, కాల్ స్క్రీనర్. స్కూలు పన్నుల మీద చర్చ నడుస్తుంటే ఒక లోకల్ స్టేషన్‌కి నేనూ చేశాను. ‘‘పేరు? ఏ ఊరు? ముందు మీ రేడియో కట్టేయండి. మీ పాయింటేంటో ఒక్క ముక్కలో చెప్పండి.’’ రెండు పక్షాల మాటలోనూ కొంత న్యాయముందన్నాను. ‘‘అంటే అనుకూలమా, వ్యతిరేకమా?’’ పన్ను పెంచాలి గానీ ఇంత కాదన్నాను. ‘‘లైన్లో ఉండండి.’’ ప్రోగ్రాం అయిపోయేదాకా ఉన్నాను.

స్క్రీనర్ టైప్ చేసింది హోస్టు ముందున్న తెర మీద పడుతుంది: పేరు, ఊరు, ఒక్క ముక్కలో విషయం. అది చూసి ఎవర్ని పిలవాలో తేల్చుకుంటాడు. మండిపడేవాడికీ, పొగిడేవాడికీ చోటు దొరుకుతుంది. ఎదుటి పక్షం వాడికీ దొరుకుతుంది, ఎందుకంటే గొడవ లేకపోతే షో చప్పగా ఉంటుంది. వాడు మాట తడబడే రకమైతే హోస్టుకి పండగే. ‘అవును, కానీ’ అనేవాడే ఎవరికీ పనికిరాడు.

వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలని 1949 నుంచి అమెరికా స్టేషన్లకు ఒక నిబంధన ఉండేది. 1987లో దాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడాది ఆగస్టులో టాక్ రేడియో హోస్టు రష్ లింబా షో దేశమంతా మొదలై, తర్వాత 600కి పైగా స్టేషన్లకు పాకింది. ఆయన స్క్రీనర్ ‘బో స్నర్డ్‌లీ’, అసలు పేరు జేమ్స్ గోల్డెన్, శ్రోతలందరికీ తెలిసినవాడే. ఫోన్ చేసేవాళ్లు ఉన్నది తనను గొప్పగా చూపించడానికేనని లింబా దాచుకోకుండా చెప్పేవాడు. 2021లో ఆయన పోయాడు గానీ ఆ పద్ధతి పోలేదు.

లైన్లోకి వచ్చాక కూడా గెలుపు యంత్రానిదే. స్టూడియోలో ఫోన్లను కలిపే పరికరానికి ఒక ఏర్పాటుంటుంది: హోస్టు నోరు విప్పగానే కాలర్ గొంతు దానంతటదే తగ్గుతుంది. అవతల పాపం ఆయన అరుస్తూనే ఉంటాడు, వినేవాళ్లకి మాత్రం జవాబు లేక నీళ్లు నమిలినట్టు అనిపిస్తుంది. పైగా ప్రసారం కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. బూతు దొర్లితే ఒక బటన్ నొక్కి ఆ ముక్క ఎగరగొట్టొచ్చు. బటన్ పెట్టింది బూతుల కోసమే గానీ, నొక్కే వేలు స్టేషన్‌ది.

ఇంతకన్నా పెద్ద కిటుకు ఫోన్ పెట్టేశాక ఉంది. లైను కట్ చేసి, హోస్టు తీరిగ్గా ఐదు నిమిషాలు ఆ కాలర్‌కి సమాధానం చెబుతాడు. వాదికి సెలవిచ్చి పంపేసి ప్రతివాదే తీర్పు చదివే పంచాయితీ ఇది. ఈసారి విన్నప్పుడు కాలర్ ఎంతసేపు మాట్లాడాడో, ఆయన వెళ్లాక హోస్టు ఎంతసేపు మాట్లాడాడో గమనించండి.

‘‘దేశమంతా ఫోన్లు చేసి ఇదే మాట అంటున్నారు’’ అని హోస్టు ఊగిపోయినప్పుడు నాకు ఒకటే అనుమానం: ఫోన్లు చేసిన వాళ్లంతానా, లైన్ కలిపిన వాళ్లేనా?