దారులు – కొలబద్దలు

దగ్గరి దారి యుండగా దూరపు దారిని పోవువాడు వివేకి కాడని లోకము తలచును. ఈ తలంపు ఎంతవరకు సత్యమో తిరుమల కేగు యాత్రికులను చూచిన తెలియును.

కొండకు నడకదారులు రెండు ప్రసిద్ధములు. అలిపిరి దారిలో మెట్లు 3550. శ్రీనివాస మంగాపురము వైపునుండి ఎక్కు శ్రీవారి మెట్టు దారిలో 2388. రెండవది మిక్కిలి దగ్గర. అయినను అనేకులు అలిపిరినే కోరుదురు. పట్టణమునకు అది చేరువ. పాదాల మండపము, గాలిగోపురము, మోకాళ్ల పర్వతము ఆ దారిలోనివే. నడువలేనివారు బస్సెక్కుదురు. గమ్యమొక్కటే, కొలబద్దలు వేరు.

ఈ భేదమే రాకపోకల గణితమునకు చిక్కుముడి. 1952లో వార్డ్రాప్ అను ఆంగ్లేయుడు ఒక సూత్రము చెప్పెను. ఎవరికి వారు శీఘ్రమైన దారిని వెదకుకొన్నచో, తుదకు జనులు వాడు దారులన్నిటను ప్రయాణకాలము సమానమగును. వాడని దారి అంతకంటె శీఘ్రము కాదు. ఏలన, ఒక దారి సుఖమని తెలిసినంతనే పదిమందియు దానిపై బడి, ఆ సుఖమును హరింతురు.

అయితే ఈ సూత్రమున అందరి కొలబద్దయు కాలమొక్కటే. తిరుపతినుండి చెన్నైకి పోవువారిని గమనింపుడు. పుత్తూరు, నగరి మీది దారి దగ్గర; శ్రీకాళహస్తి, నాయుడుపేట మీది దారి దూరము. నూనెఖర్చు లెక్కించువాడు మొదటిదానిని, దారిలో కాళహస్తీశ్వరుని దర్శింపగోరువాడు రెండవదానిని పట్టును. అందుచేతనే తరువాతి పండితులు ప్రయాణికులను తెగలుగా విభజించి, కాలము, ఖర్చు, సౌఖ్యము అనువానికి ఒక్కొక్క తెగకు వేర్వేరు విలువలు కట్టిరి. సగటు మనిషి ఏ దారినను కనబడడు. వానినే నమ్మి సుంకము విధించినచో, దానికి వెరచిన లారీలు బడిపిల్లలు నడచు వీథులలోనికి మరలవచ్చును.

ఎవరి మేలు వారు చూచుకొన్న అందరికి మేలు కలుగునా? కలుగుననుటకు వీలులేదు. క్రొత్త దారి వేసినందువలననే అందరి ప్రయాణము ఆలస్యము కావచ్చునని 1968లో జర్మను గణితజ్ఞుడు బ్రాయెస్ నిరూపించెను. కావున ఒక్కొక్కచోట ఎంపికకు హద్దు అవసరము. తిరుమలకు 1944 నాటి ఘాట్ రోడ్డు నేడు దిగుటకు, 1974 నాటిది ఎక్కుటకు నియతములు. ఎదురుబండ్ల భయము లేకుండుటకై అచ్చట ఇష్టము నియమమునకు లొంగినది.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రశ్న వేయవచ్చును: బడికి ఏ వీథిని వచ్చితివి, ఏల వచ్చితివి? నీడ కొరకని యొకడు, స్నేహితుని కొరకని యొకడు, కుక్క భయమున నని యొకడు చెప్పును. ఊరికి దారులు వేయువారు మొదట వినవలసినది ఆ సమాధానములనే.