శివరాత్రి నుంచి కాముని పున్నమి దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఉన్నవారికి తెలుసు, అది ఒక్కసారిగా వెళ్ళదు. మధ్యాహ్నం మాడు కాలుతుంది. తెల్లవారుజామున మళ్ళీ దుప్పటి వెతుక్కోవాలి. మా బోటి ప్రభుత్వ డాక్టర్ల దగ్గరకు వచ్చే జబ్బుల వరస కూడా ఈ రోజుల్లోనే మారుతుంది. దగ్గు, ఆయాసం తగ్గీ తగ్గకముందే కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం, మూత్రంలో మంట, పిల్లలకు ఆటలమ్మ మొదలవుతాయి.

ఈ సంగతిని ఆయుర్వేదం ఏనాడో గుర్తించింది. పోయే ఋతువులో చివరి 7 రోజులు, వచ్చే ఋతువులో మొదటి 7 రోజులు కలిపి ఋతుసంధి అని అష్టాంగ హృదయంలో వాగ్భటుడు చెప్పాడు. పాత ఋతువు అలవాట్లను ఆ రోజుల్లో మెల్లగా విడవాలి, కొత్తవాటిని మెల్లగా పట్టుకోవాలి, తొందరపడితే రోగాలొస్తాయి అన్నాడు. నేను చదివింది ఇంగ్లీషు వైద్యం. వసంతంలో కఫం కరుగుతుందన్న మాటను నా చదువుతో రుజువు చేయలేను. కాని ఆ 14 రోజుల లెక్క మాత్రం మా పుస్తకాలతో బాగా కలుస్తుంది. చలికి అలవాటుపడిన మనిషి ఎండకు అలవాటుపడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. తరువాత చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె ఇదివరకటంత వేగంగా కొట్టుకోనక్కరలేదు. ఈ మార్పు పూర్తికాకముందే ఎండలో ఒళ్ళు వంచినవారు పడిపోతారు. మే నెల ఎండను తట్టుకునే మనిషి మార్చి మొదటివారంలో ఎందుకు సొమ్మసిల్లుతాడో ఇప్పుడు అర్థమైంది గదా!

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో వస్తుంది. మన ఎండ అంతవరకూ ఆగడం లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి 2025 ఫిబ్రవరే అన్నిటికంటె వెచ్చని ఫిబ్రవరి అని వాతావరణ శాఖ ప్రకటించింది. అందుచేత సంధి రోజులను ఉగాదితో కాక శివరాత్రితో మొదలుపెట్టి కాముని పున్నమిదాకా లెక్కపెట్టుకోమని నా సలహా. అది కూడా సుమారు రెండు వారాలే.

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవారి సంగతి ముందు చెప్పాలి. పైన రేకులు, చుట్టూ నడిచే మోటార్ల వేడి, గాలి ఆడని షెడ్డు. బయటి ఎండకంటె ముందే అక్కడ వేసవి వస్తుంది. వేడిలో పనికి కొత్తగా చేరినవారికి మొదటిరోజు 20 శాతం పనే ఇచ్చి, రోజుకు 20 శాతానికి మించకుండా పెంచాలని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సూచిస్తుంది. జ్వరం పడి లేచి, లేదా కొన్నాళ్ళు ఊరికి పోయి తిరిగి వచ్చిన పాతవారికైతే మొదటిరోజు సగం పని, తరువాత 60, 80, నాలుగోరోజుకు పూర్తి పని. నేసిన గుడ్డను బట్టి కూలి వచ్చే చోట ఇదెలా కుదురుతుందని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. సగం పని చేయమని చెప్పి చీటీ రాసి పంపడం సులువు, ఇంట్లో పొయ్యి వెలగాలి గదా. కనీసం ఇంతమాత్రం చేయండి. బరువైన పనులను ఉదయం 11 గంటలలోపు ముగించండి. షెడ్డులోనే చేతికందేచోట కుండ పెట్టుకుని ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్ళు తాగండి. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. రేకులకు తెల్లసున్నం వేయించడం యజమానికి పెద్ద ఖర్చు కాదు, లోపలి వేడి మాత్రం తెలిసేటంత తగ్గుతుంది. దూది నూలు నేసేవారిలో సెలవు తరువాత మొదటిరోజున ఛాతీ బిగిసినట్టుంటే దాన్ని చలిదగ్గు అని కొట్టిపారేయవద్దు. అది దూదినలుసు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు.

బీడీలు చేసే అక్కచెల్లెళ్ళ బాధ వేరు. తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను వేసుకోరు. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగరు. మార్చి వచ్చేసరికి మూత్రంలో మంటతో ఆస్పత్రికి వస్తారు. మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపుగా ఉంటే నీళ్ళు సరిపోయినట్టు, ముదురు రంగులో ఉంటే చాలనట్టు. ఇంకొక మాట. తంబాకులోని నికోటిన్ చర్మంగుండా కూడా ఒంట్లోకి పోతుంది, చెమట పట్టిన చేతులకైతే మరీను. చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లకు అన్నం కలిపిపెట్టవద్దు, పాలివ్వవద్దు.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే పని సరిగ్గా ఈ రోజుల్లోనే పడుతుంది. పైన ఎండ, పక్కన ఉడికే కొప్పెర. కొమ్ములకు మెరుగుపెట్టేచోట ఆయాసం ఉన్నవారు ఉండకపోవడమే మేలు. తప్పకపోతే ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకోవాలి.

జగిత్యాల ప్రాంతంలో గల్ఫుకు పోయిన మనిషి లేని ఊరు తక్కువ. సంక్రాంతికి వచ్చి రెండు నెలలు ఇంటిపట్టున ఉన్నవారికి ఎండ అలవాటు పూర్తిగా పోయి ఉంటుంది. నాలుగు వారాలు విరామమొస్తే చాలు, ఆ అలవాటు చాలావరకు పోతుంది. తిరిగి వెళ్ళేముందు రెండు వారాలు రోజూ గంట, గంటన్నర ఎండపూట నడవడమో, చేను పని చేయడమో మంచిది. విమానం దిగిన మరునాడే ఇనుప చువ్వలు మోయడానికి ఒళ్ళు సిద్ధంగా ఉండదు.

ఇక శివరాత్రి ఉపవాసం. వేములవాడ రాజన్న దర్శనానికి పోయి, పగలంతా లైనులో నిలబడి, రాత్రి జాగారం చేసేవారిలో షుగరు రోగులు ఎందరో ఉంటారు. ఉపవాసం చేయవద్దని నేననను. కాని గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వేసుకుని ఏమీ తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చల్లచెమటలు, వణుకు, పొంతన లేని మాటలు కనబడితే, మింగగలిగిన స్థితిలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. అది భక్తి పారవశ్యం అనుకుని ఊరుకున్నవారూ ఉన్నారు! స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. ఉపవాసానికి ముందే డాక్టరును కలిసి మాత్రల మోతాదు మార్పించుకోవాలి.

రక్తపోటు ఉన్నవారికీ ఈ రోజుల్లో ఒక చిక్కు ఉంది. చలికాలంలో బి.పి. కొంత పెరుగుతుంది, ఎండలు వస్తే రక్తనాళాలు విప్పారి తగ్గుతుంది. డిసెంబరులో పెంచిన మోతాదు మార్చిలో ఎక్కువ కావచ్చు. ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వేసుకునేవారు లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే బి.పి. చూపించుకోండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు నీళ్ళెంత తాగాలో కూడా తమ డాక్టరునే అడగాలి, పైన చెప్పిన కుండ లెక్క వారికి వర్తించదు.

పిల్లలకు ఈ ఋతువులో వచ్చేది ఆటలమ్మ. మన వైపు తల్లి పోసిందంటారు. వేపాకు పరవడం, ఇల్లు శుభ్రంగా ఉంచడం, బయటివారిని రానివ్వకపోవడం మంచి అలవాట్లే. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచి అన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇది అంటుకుంటుంది. అందుకని బడికి పంపవద్దు. కాని ఉప్పు, పప్పు మాన్పించి చప్పిడికూడు పెట్టడం వల్ల బిడ్డ నీరసించడం తప్ప లాభం లేదు. స్నానం చేయించవచ్చు, గోళ్ళు కత్తిరించాలి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వరాదు, అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే ప్రమాదముంది. పెద్దవారికి, గర్భిణులకు, పురిటి బిడ్డలకు ఇది చిన్న జబ్బు కాదు. పొక్కులు కనబడిన మొదటి 24 గంటల్లోనే డాక్టరు దగ్గరకు వస్తే మందు బాగా పనిచేస్తుంది. మొక్కు తరువాత తీర్చుకోవచ్చు.

తిండి విషయంలో పెద్ద చిట్టా అవసరం లేదు. నువ్వులుండలు, సకినాలు చాలించి తైద అంబలి, పలుచని మజ్జిగ మెల్లగా మొదలుపెట్టండి. ఫ్రిజ్ నీళ్ళకంటె కుండనీళ్ళు హాయి. వేపపువ్వు రక్తాన్ని శుద్ధి చేస్తుందా అని అడుగుతుంటారు. ఆ పని మీ కాలేయం, మూత్రపిండాలు ఏడాది పొడుగునా చేస్తూనే ఉన్నాయి. ఉగాది పచ్చడి రుచికోసం తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలగొట్టిన ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. దుప్పట్లు అప్పుడే పెట్టెలో పెట్టకండి, చంటిపిల్లల మీదికి రాత్రంతా ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి.

ఈ రెండు వారాలు నిండేసరికి కాముని పున్నమి వస్తుంది. మోదుగుపూలు ఉడకబెట్టి తీసిన రంగు కళ్ళకూ చర్మానికీ రసాయనపు రంగులకంటె ఎంతో నయం. పిల్లలను ఆడుకోనివ్వండి. కాని రంగు కడుక్కోవడానికని ఎండన పడి కాలువలోకి, బావిలోకి దిగనివ్వకండి. ఇంటి దగ్గర రెండు బక్కెట్ల నీళ్ళు ముందే తోడి ఉంచండి.