ఉపాధికి ఊతం

తెలుగులో ‘ఉపాధి’ అనే మాటకు జీవనాధారమని అర్థం. సంస్కృత శాస్త్రగ్రంథాలలో ఇదే మాట వేరొక అర్థంలో కనిపిస్తుంది. స్వచ్ఛమైన స్ఫటికం పక్కన మందారపువ్వును ఉంచితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. కేవలం సామీప్యంచేత తన గుణాన్ని పక్కనున్న వస్తువులో గోచరింపజేసే ఆ పువ్వును వేదాంతులు ఉపాధి అన్నారు. ఈ రెండర్థాలకూ పొత్తు లేదని పైకి తోస్తుంది. కాని చదువు మధ్యలో ఆగిపోయిన గ్రామీణ యువతీయువకులను ఉద్యోగాలలో నిలబెట్టడానికి జరిగిన ప్రయత్నాలను గమనిస్తే, అవి ఒకదానికొకటి అంత దూరమైనవి కావని తెలుస్తుంది. పని తెలిసినవారి పక్కన కొంతకాలం నిలిచినప్పుడే కొత్తవారికి పని పట్టుబడుతుంది.

నిరుద్యోగి అనగానే పట్టా చేతబట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగే పట్టభద్రుడు కళ్లముందు మెదలుతాడు. పదో తరగతి తప్పినవారు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలోనే మానేసి కూలికి పోతున్నవారు ఆ చిత్రంలో ఉండరు. వారికి దరఖాస్తు ఎక్కడ పెట్టాలో తెలియదు. మరోవైపు నగరాలలోని దుకాణాలు, ఆసుపత్రులు, హోటళ్లు, కర్మాగారాలు మనుషులు దొరకడం లేదని చెబుతుంటాయి. ఈ ఇద్దరి మధ్య దూరం కేవలం కిలోమీటర్లలో కొలిచేది కాదు. ప్రైవేటు ఉద్యోగాలలో అనేకం తెలిసినవారి మాటమీద దొరుకుతాయి. ఉద్యోగి బిడ్డకు ఆ మాట చెప్పే మేనమామ ఎవరో ఒకరుంటారు. కూలివాని బిడ్డకు అటువంటి మేనమామ ఉండడు. లేని ఆ మేనమామ పాత్రను ఒక వ్యవస్థ వహించడమే తోడ్పాటుతో కూడిన ఉద్యోగ నియామకం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణాభివృద్ధి శాఖ 2005లో ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్ అనే సంస్థను ఈ ఉద్దేశంతోనే నెలకొల్పింది. అప్పటికే ఊరూరా వేళ్లూనుకొన్న మహిళా స్వయం సహాయక సంఘాలు దీనికి పునాది అయ్యాయి. ఏ ఇంట్లో చదువు మానిన పిల్లవాడున్నాడో, ఏ పిల్లకు పెళ్లి చేసేయాలని తొందరపడుతున్నారో సంఘం సభ్యులకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. అలా గుర్తించిన యువతకు సుమారు మూడు నెలలపాటు వసతితో కూడిన శిక్షణ ఇచ్చేవారు. ఇంగ్లీషు సంభాషణ, కంప్యూటరు పరిజ్ఞానం, దుకాణాలలో అమ్మకపు పనులు, భద్రతా విధులు, నిర్మాణరంగపు వృత్తులు వంటివి నేర్పి, నేరుగా ఉద్యోగంలో చేర్పించేవారు. కేంద్ర ప్రభుత్వం 2014 సెప్టెంబరు 25న ప్రకటించిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా ఈ మార్గంలోనే సాగింది. 15 నుంచి 35 ఏళ్ల లోపు గ్రామీణ పేద యువతకు ఉద్దేశించిన ఆ పథకంలో సగం స్థానాలు షెడ్యూల్డు కులాలు, తెగల వారికీ, 15 శాతం మైనారిటీలకూ, మొత్తంమీద మూడోవంతు స్త్రీలకూ కేటాయించారు.

శిక్షణ కొంత శ్రమతో సాధ్యమయ్యేదే. అసలైన పరీక్ష నియామక పత్రం చేతికి అందిన మరునాడు మొదలవుతుంది.

ఉట్నూరు ప్రాంతపు గూడెం నుంచి హైదరాబాదులోని ఒక పెద్ద వస్త్ర దుకాణంలో చేరిన పందొమ్మిదేళ్ల యువతిని ఊహించవచ్చు. ఇంట్లో ఆమె మాట్లాడేది గోండీ. దుకాణంలో వచ్చేవారితో తెలుగు, హిందీ, అక్కడక్కడ ఇంగ్లీషు మాట్లాడాలి. రోజంతా నిలబడే ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకు దుకాణం మూస్తే హాస్టలుకు చేరడానికి బస్సు దొరకాలి. నెల పదో తేదీన చేరిన ఆమెకు మొదటి జీతం మరుసటి నెల మొదటి వారంలో గాని రాదు. అంతవరకు హాస్టలు అడ్వాన్సు, బస్సు ఖర్చులు, సబ్బుబిళ్ల మొదలుకొని అన్నీ అప్పుమీదనే జరగాలి. తీరా జీతం వచ్చాక మరొక సందేహం పుడుతుంది. నెలకు రూ. 12,000 అని చెప్పారు. ఆ మొత్తం వేతనంపై భవిష్యనిధికి 12 శాతం చొప్పున రూ. 1,440, ఉద్యోగుల బీమాకు 0.75 శాతం చొప్పున రూ. 90 మినహాయించగా చేతికి వచ్చేది రూ. 10,470. భవిష్యనిధి తన పేరిటనే జమ అవుతుందనీ, యాజమాన్యం కూడా తన వంతు కడుతుందనీ, బీమా వల్ల జబ్బుచేస్తే వైద్యం అందుతుందనీ ఆమెకు ఎవరూ వివరించకపోతే, తనను మోసగించారనే అనుకొంటుంది. ఆ రాత్రే ఊరికి బస్సెక్కే అవకాశం ఉంది. పదిహేను నిమిషాల మాట కొరవడి మూడు నెలల శిక్షణ వృథా అవుతుంది. దీనిని ‘పిల్లలకు ఓపిక లేదు’ అని కొట్టిపారవేయడం పెద్దలకు సులభం. న్యాయం మాత్రం కాదు.

ఈ అనుభవం నుంచే నియామకానంతర సహాయం అనే ఏర్పాటు పుట్టింది. కౌశల్య యోజన తొలి మార్గదర్శకాలలో, సొంత జిల్లాలో పనిచేసేవారికి రెండు నెలలు, జిల్లా దాటి సొంత రాష్ట్రంలో పనిచేసేవారికి మూడు నెలలు, ఇతర రాష్ట్రాలకు వెళ్లినవారికి ఆరు నెలలు, నెలకు రూ. 1,000 చొప్పున ఇవ్వాలని నిర్దేశించారు. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలనీ, మూడు నెలలు జీతం తీసుకొంటూ కొనసాగినప్పుడే దానిని నియామకంగా లెక్కించాలనీ నియమం పెట్టారు. ఈ చివరి నియమం విలువైనది. ఉద్యోగ మేళాలో పంచిన పత్రాల సంఖ్యకూ, వంద రోజుల తరువాత పనిలో ఉన్నవారి సంఖ్యకూ గల తేడాను బయటపెట్టగలిగేది అదే. అయితే వెయ్యి రూపాయలు నగరంలో ఎంతకాలం వస్తాయి? డబ్బుకన్నా ఎక్కువ మేలు చేసేది వారానికొకసారి హాస్టలుకు వచ్చి పలకరించే మనిషి. సూపర్‌వైజరు కసిరితే ఆయనతో మాట్లాడేదీ, వేళలు మార్పించేదీ, బెంగపడుతున్న తల్లిదండ్రులను ఒకసారి పనిచోటికి తీసుకువచ్చి చూపించేదీ ఆ మనిషే. సంక్రాంతికో దసరాకో ఊరికి వెళ్లి తిరిగిరానివారి ఇంటికి ఫోను చేసేది కూడా ఆ మనిషే.

ఈ ఊతం మరింత స్పష్టంగా కనిపించేది వికలాంగుల విషయంలో. ముందు శిక్షణ ఇచ్చి, తరువాత పనిలో చేర్చాలన్నది సాధారణ పద్ధతి. మేధోవైకల్యం గలవారిని ఈ పద్ధతిలో ఏళ్లతరబడి శిక్షణ కేంద్రాలలోనే ఉంచేస్తున్నారని గ్రహించిన నిపుణులు అమెరికాలో క్రమాన్ని తలకిందులు చేశారు. ముందుగా నిజమైన పనిలో చేర్చి, పక్కన ‘జాబ్ కోచ్’ అనే సహాయకుడిని నిలిపి, అక్కడే పని నేర్పించారు. 1986లో అక్కడి పునరావాస చట్టానికి చేసిన సవరణలలో ఈ విధానానికి చోటు దక్కింది. ఉదాహరణకు, పెట్టెలలో సరుకు సర్దే పనిని ఆ సహాయకుడు చిన్నచిన్న అంచెలుగా విడదీస్తాడు. అంచెకొక బొమ్మ గీసి గోడకు అంటిస్తాడు. మొదట రోజంతా పక్కన ఉంటాడు, తరువాత ఒక పూట, ఆ పిమ్మట వారానికొక గంట. తాను అవసరం లేకుండా పోవడమే అతని వృత్తిలోని విజయం. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషను కల్పించింది. ప్రైవేటు రంగంలో మాత్రం ఇటువంటి తోడుమనిషి అవసరం ఎంతో ఉంది.

అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచీ ఉంది. 2019లో సవరించిన నిబంధనల మేరకు 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. పనిచోటనే నేర్చుకొనే అవకాశం దీనివల్ల ఏర్పడుతుంది. కాని చట్టం సీటు ఇప్పించగలదు, అద్దెగది ఇప్పించలేదు.

యజమానులు దీనిని దానధర్మంగా భావించనవసరం లేదు. నెలకొకరు మానేస్తూ ఉంటే కొత్తవారిని వెతికి నేర్పే ఖర్చు వారిదే. ఆదరించి నిలుపుకొన్న సంస్థలకు ఆ ఖర్చు తగ్గుతుంది. యువత పక్షాన కూడా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. చాలీచాలని జీతానికి రోజుకు పన్నెండు గంటలు నిలబెట్టే చోట, తోడ్పాటు పేరుతో ‘ఓర్చుకో’ అని బోధించడం తోడ్పాటు అనిపించుకోదు. అటువంటి చోటు నుంచి మరొక మంచి చోటికి మారడంలో సహాయపడటం కూడా ఆ సహాయకుని బాధ్యతే.

ఏడాది గడిచేసరికి కొన్నిచోట్ల ఈ బాధ్యత చేతులు మారుతుంది. మొదటి జీతం చూసి కంగారుపడిన యువతి ఇప్పుడు మరో ఇద్దరితో కలిసి గది అద్దెకు తీసుకొని ఉంటుంది. ఆమె ఊరినుంచే కొత్తగా మరొక పిల్ల అదే దుకాణానికి వస్తుంది. ఆ పిల్ల తొలి నెల హాస్టలు వెదుక్కోనవసరం లేదు. బస్సు నంబరు చెప్పేదీ, జీతపు చీటీలోని అంకెలను వేలుపెట్టి చూపించేదీ, జీతం వచ్చేదాకా ఖర్చులకు డబ్బు సర్దేదీ ముందు వచ్చిన అక్కే.