వార్డు గుమ్మం దగ్గర ఆపే సిస్టర్

వర్ని, రుద్రూరు ప్రాంతాల సంఘాల్లో కాన్పు అంటే ఎక్కువమందికి బాన్సువాడ ప్రయాణమే. కష్టమైతే నిజామాబాద్. బిడ్డ పుట్టిందని ఫోను రాగానే స్త్రీల సమాజం వారు ఆటో మాట్లాడుకుంటారు, పాస్టర్‌గారు బైబిలు, నూనె సీసా తీసుకుంటారు. సాయంత్రానికల్లా పసికందు ఎనిమిది ఒళ్లు మారుతుంది. ఇది ప్రేమతో చేసే పనే. మేమూ ఏళ్ల తరబడి అలాగే చేశాం.

ఒకసారి ఒక ఆసుపత్రిలో మమ్మల్ని గుమ్మం దగ్గరే ఒక సిస్టర్ ఆపారు. "అయ్యగారూ, ఇద్దరే లోపలికి రండి. ముందు అక్కడ సబ్బుతో చేతులు కడుక్కోండి. నూనె మాత్రం బిడ్డకు పెట్టొద్దండీ" అన్నారు. మాతో వచ్చిన సంఘ పెద్దకు కోపం వచ్చింది. "ప్రార్థనకు కూడా అడ్డమేనా?" అన్నాడు. నిజం చెప్పాలంటే మాకూ లోపల గుచ్చుకుంది. ఆ సిస్టర్ హోదా ఏమిటో, ఆమె పని ఏమిటో తర్వాత తెలుసుకున్నాం. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాం.

ఆమెను ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అంటారు. రోగి ఏ జబ్బుతో వచ్చాడన్నది డాక్టరు చూసే విషయం. ఆసుపత్రికి వచ్చాక కొత్త జబ్బు అంటుకోకుండా చూడడం ఈమె పని. ఫలానా మంచం ఈమెది అని ఉండదు, మంచాలన్నీ ఈమెవే. 1959లో ఇంగ్లండులోని టోర్బే ఆసుపత్రిలో ఒక సిస్టర్‌ను ఈ పనికే ప్రత్యేకంగా నియమించారు. ఈ ఉద్యోగ చరిత్ర అక్కడ మొదలైందని చెబుతారు.

పొద్దున్నే వార్డులన్నీ తిరుగుతుంది. మూత్రపు గొట్టం ఎవరికి ఎన్ని రోజులుగా ఉంది, ఈరోజు కూడా అవసరమా అని అడుగుతుంది. ఆపరేషన్ పనిముట్లు ఆటోక్లేవ్‌లో సరైన వేడికి, సరైన సమయం ఉడికాయా అని టేపు మీద మారిన రంగు చూస్తుంది, రిజిస్టరు చూస్తుంది. రక్తం అంటిన దూది పసుపు బుట్టలో, సెలైన్ గొట్టాలు ఎర్ర బుట్టలో, సూదులు తెల్ల డబ్బాలో పడుతున్నాయా అని వంగి మరీ చూస్తుంది. కుట్లకు చీము పట్టినవారిని లెక్క రాసుకుంటుంది. ఒకే థియేటరు నుంచి వచ్చినవారిలో ఇద్దరు ముగ్గురికి అలా జరిగితే కారణం వెదుకుతుంది.

అన్నిటికంటే కష్టమైన పని చేతుల దగ్గరుంది. రోగిని ముట్టుకునే ముందు, సూదిమందు, కట్టు వంటి పనికి ముందు, రక్తం వంటివి తగిలాక, రోగిని ముట్టుకున్నాక, రోగి చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్నాక చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు. పెద్ద డాక్టరు మరచిపోయినా "సార్, చేతులు" అనాల్సింది ఈమే. కొత్తగా చేరిన అమ్మాయికి ఆ మాట నోట రాదు. అందుకే ఈ బాధ్యత అనుభవం ఉన్న సీనియరుకు ఇస్తారు. చిన్న ఆసుపత్రుల్లో అయితే దీనికోసం వేరే మనిషి ఉండరు. లేబర్ రూము డ్యూటీ చేస్తూనే ఈ పనీ చూడాలి.

ఆ ఐదో సందర్భం చదివినప్పుడు మేము తల దించుకున్నాం. వార్డులో వరుసగా పది మంచాల దగ్గర ఆగి, మంచం కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కరి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించేవాళ్లం. మధ్యలో ఒక్కసారి కూడా చేతులు కడగలేదు.

ఇది చిన్న విషయం కాదని మన రాష్ట్రమే చూసింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని తేలింది. వారు జబ్బుతో ఆసుపత్రికి వెళ్లినవారు కారు. ఇంటి దగ్గర పిల్లలను వదిలి, ఆరోగ్యంగా నడిచి వెళ్లిన తల్లులు.

"విశ్వాసం ఉన్నవారికి ఇన్ఫెక్షన్ ఏమిటి, ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకోలేదా?" అని కొందరు సహోదరులు అడుగుతారు. ముట్టుకున్నాడు. ఆయన చేతి నుంచి రోగికి స్వస్థత వెళ్లింది. మన చేతి నుంచి వెళ్లేది ఏమిటో మనకు కనబడదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఆ తర్వాత జరిగినదీ చదవాలి. బాగుపడిన ఆ మనిషిని ప్రభువు యాజకుని దగ్గరకు, పరీక్షకు పంపాడు. లేవీయకాండము 13, 14 అధ్యాయాల్లో యాజకుడు స్వస్థపరచడు. మచ్చను చూస్తాడు, ఏడు రోజులు వేరుగా ఉంచుతాడు, మళ్లీ వచ్చి చూస్తాడు, ఇంటి గోడలను కూడా పరీక్షిస్తాడు. ఆ అధ్యాయాలను మేము ఎన్నోసార్లు త్వరత్వరగా దాటేశాం. ఇప్పుడు చదువుతుంటే రిజిస్టరు చేత పట్టుకున్న ఆ సిస్టరే గుర్తొస్తున్నారు.

వేరుగా ఉంచడం అంటే వెలివేయడం కాదని మన నిజామాబాద్ జిల్లాకు తెలుసు. మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. రాజా నర్సాగౌడ్ అండగా నిలిచారు. ఊళ్లు తరిమేసిన మనుషులకు అక్కడ మంచం, మందు, పలకరింపు దొరికాయి. ఇప్పుడు ఆ జబ్బు మాత్రలతో నయమవుతుంది, మందు మొదలుపెట్టాక రోగిని వేరుగా ఉంచే అవసరమే లేదు. ఎంతవరకు దూరం, ఎప్పటివరకు అన్నది తెలిసినవారు చెప్పాలి, మనం ఊహించకూడదు.

మన సంఘాల ఆడపిల్లలు ఎందరో నర్సులు. మే 12న వారిని ముందుకు పిలిచి ప్రార్థిస్తాం, మంచిదే. పరామర్శకు వెళ్లి వారితోనే గొడవపడేదీ మనమే.

ఇప్పుడు మేము పాటిస్తున్నది చెబుతాం. పరామర్శకు ఇద్దరమే వెళ్తాం, దగ్గు, జ్వరం ఉన్నవారు ఇంటి దగ్గరే ప్రార్థిస్తారు. యాకోబు పత్రిక చెప్పిన నూనె మానలేదు. సిస్టర్‌ను అడిగి, చేతులు కడుక్కుని, పెద్దవారి నుదుట మాత్రమే రాస్తాం. పసిబిడ్డను ఎత్తుకోం, తల్లి ఒళ్లో ఉండగానే ప్రార్థిస్తాం. మంచం మంచానికీ మధ్య చేతులు శుభ్రం చేసుకుంటాం.

ఇంకొక్క మాట. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక ఆసుపత్రి నుంచి "కుట్లు ఎలా ఉన్నాయమ్మా?" అని ఫోను రావచ్చు. కుట్టు ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా దాచకుండా చెప్పండి. ఫోను రాకపోయినా, నెల లోపల అలాంటిది కనబడితే పసుపు పెట్టి ఆగకండి, అదే ఆసుపత్రికి వెళ్లి చూపించండి.